ఎర్ర తీగ ఏది?

"పొడుగు కాలికి ఎర్ర తీగ, పొట్టి కాలికి పచ్చ తీగ. తిరగేస్తే ఎలగదు. నాను హాస్టలుకెళ్ళిపోతే పడవ దీపం నువ్వే కలుపుకోవాలి నానా!" అంటూ ఈశ్వరి రెండు సన్న కాళ్ళున్న ఎల్ఈడీ బల్బునీ, బ్యాటరీ తీగల్నీ తండ్రి చేతిలో పెట్టింది.

కూర్మయ్య పడవ అంచున కూర్చుని శ్రద్ధగా కలిపాడు. వెలగలేదు.

"తిరగేసినావు! అన్ని వలలల్లినోడివి, రెండు తీగలు కలపలేవేటి?" ఈశ్వరి పకపకా నవ్వింది.

రెండోసారీ అంతే.

"ఎర్రదేదో సూపించు ముందు."

కూర్మయ్య తీగల్ని చూడలేదు. కూతురి చూపు ఎటు వాలుతుందా అని ఆమె కళ్ళలోకి చూశాడు. చివరికి ఆకుపచ్చ తీగ పట్టుకున్నాడు.

ఈశ్వరి నవ్వు ఆగిపోయింది. "నానా, నీకు రెండూ ఒకలాగే అవుపిస్తన్నాయా?"

"సిన్నప్పట్నించీ అంతేనే."

"మరి సీకట్లో ఓడొస్తే? దాని ఎర్ర దీపం, పచ్చ దీపం సూసే కదా ఎటు తప్పుకోవాలో తెలిసీది!"

"మీ మావ ముందు కూకుని రంగు సెప్పీవోడు. నాను సుక్కాని తిప్పీవోణ్ణి."

ఆ శివాజీ మావ నిన్ననే గుజరాత్ బోట్లలో పనికి వలసపోయాడు. రేపట్నుంచి నాన్న ఒక్కడే వేటకి వెళ్ళాలి.

ఈశ్వరి గబగబా ఎర్ర తీగకి ముడి వేసింది. "ఇదిగో, సేత్తో తడుముకుంటే సాలు."

కూర్మయ్య ముడి తడిమి, ఆ తీగని పొడుగు కాలికి కలిపాడు. ఎల్ఈడీ వెలిగింది. అతను దాన్ని కాదు, సముద్రాన్ని చూస్తున్నాడు.

"బాగుందమ్మా. మరి ఓడ దీపానికి ముడి ఎవులేస్తారే?"