దగ్గని పిల్లకి స్టారు

“మీ మేనకోడలు ఇవాళ ఒక్కసారి కూడా దగ్గలేదండీ. అందుకే చేతికి స్టారు అంటించాను,” అంది నర్సరీ టీచరు గుమ్మంలోనే.

పిల్లను ఇంటికి తీసుకెళ్లడానికి వచ్చినప్పుడు టీచరు చెప్పులు దాచి దాన్ని నవ్వించడం నాకు రోజూ ఉండే పని. ఇవాళ చెప్పుల కోసం వంగబోతూ పిల్ల మొహం చూసి ఆగిపోయాను. అసలే ఆస్తమా. ఊపిరి తీసినప్పుడల్లా భుజాలు పైకి లేస్తున్నాయి. పెదాలు పాలిపోయాయి.

“బుడంకాయ్, మామయ్యతో మాట్లాడవే.”

తల అడ్డంగా ఊపింది.

“ఇన్‌హేలర్ ఇవ్వలేదా టీచరమ్మా?”

“బ్యాగులోనే ఉందండీ. దగ్గితే కదా ఇవ్వడానికి?”

“దగ్గకుండా ఉంటే స్టారిస్తారు, దగ్గితేనే మందిస్తారు. రేపు ఊపిరే పీల్చకపోతే కిరీటం పెడతారా?”

“అది కాదండీ, తను దగ్గుతుంటే మిగతా పిల్లలు భయపడుతున్నారని...”

“భయపడాల్సింది మీరు.”

ఇన్‌హేలర్‌కి గొట్టం తగిలించి, పిల్ల మూతికి ఆనించి మందు పీల్పించాను. కాసేపటికి ఊపిరి ఆడింది. వెనకే దగ్గు తన్నుకొచ్చింది. పిల్ల రెండు చేతులతో నోరు మూసేసుకుంది.

“దగ్గవే, నేనున్నాగా. ఎవరేమంటారో చూస్తా.”

కళ్లలో నీళ్లు తిరుగుతున్నా చేతులు తీయలేదు. నా వైపు చూడను కూడా లేదు. టీచరునే చూస్తోంది.

నా అరుపులు ఇక్కడ చెల్లవని అప్పుడు తెలిసింది. టీచరుకూ ఏదో తెలిసినట్టుంది. చాప మీద మోకాళ్లూని, పిల్ల చేతులు మెల్లగా విడదీసింది.

“దగ్గు తల్లీ,” అంది. “నేనే తప్పు చెప్పాను.”

అప్పుడు దగ్గింది, గదంతా వినపడేలా.