గరిటె దెబ్బ

గ్రేవీ గరిటెతో కొట్టాడట. కిందపడ్డాక కూడా వదల్లేదట. జనరల్ ప్రూయిట్ పన్ను ఊడి టర్కీ కోడి పళ్ళెంలో పడిందట. కంచె అవతలి నుంచి లర్లీన్ చెప్పుకుపోతూంటే, మోకాలి నొప్పితో ఆ ఏడు థాంక్స్‌గివింగ్ విందుకు వెళ్ళలేకపోయిన వెర్నా చేతిలో కాఫీ చల్లారిపోయింది.

"దవడ పుటుక్కుమన్న చప్పుడు హాలంతా వినపడింది వెర్నా."

"నువ్వు చూశావా?"

"మా మరిది చూశాడు. వాడు చూస్తే నేను చూసినట్టే."

"ఎవడు కొట్టింది?"

"ఇంకెవడు, తాగుబోతు రాస్కోగాడు. ఇరాక్‌లో మీ అబ్బాయి లైల్ ఉన్న క్యాంపులో వంట చేసేవాడు చూడు, వాడు. జనరల్ గారు ఎప్పుడూ చెప్పే కథే చెప్తున్నాడంట. రాకెట్ పడగానే వంటవాడు డేగిసా కింద దూరాడని అన్నాడంట. జనం నవ్వారంట. వీడికి పౌరుషం పొడుచుకొచ్చింది."

ఆ కథ వెర్నాకు కంఠతా వచ్చు. టెక్సస్‌లో ఆ ఊరు సైనికుల ఊరు. సిపాయిలు ముందు తిన్నాకే అధికారి తినాలన్న కట్టుబాటు అక్కడి చంటిపిల్లలకు కూడా తెలుసు. ఏటా థాంక్స్‌గివింగ్ నాడు జనరల్ బంగారు గుండీల కోటు వేసుకుని, మాజీ సైనికుల హాల్లో అందరికీ తన చేత్తో వడ్డిస్తాడు. వడ్డిస్తూ చెబుతాడు: "నాయకత్వమంటే వేరే ఏమీ లేదు. అన్నం వరుసలో ఆఖర్న నిలబడటం."

ఆనాడు క్యాంపులో ఆఖరివాడు తానేనట. తన ముందు లైల్. రాకెట్ కూత వినగానే లైల్ వెనక్కి తిరిగి, తనను కిందికి తోసి, మీద పడ్డాడట. వరుస చివర నేల లేచిపోయింది. రేకుల కప్పు కాగితంలా చిరిగింది. తెగిపడిన చెయ్యి ఒకటి ఇంకా ప్లేటు పట్టుకునే ఉంది. లైల్ వీపు జల్లెడైంది. జనరల్‌కు గోరంత గాయం కాలేదు.

ఆ ఆఖరి మాట పట్టుకునే వెర్నా ఇన్నేళ్ళు బతికింది. కొడుకు పోయాడు, కానీ ఊరికే పోలేదు. విందులో జనరల్ పక్క కుర్చీ ఎప్పుడూ ఆమెదే. మొదటి ముక్క ఆమె పళ్ళెంలో వేశాకే ఆయన ఇంకొకరికి వేస్తాడు.

అటువంటి మనిషి మీద చెయ్యెత్తాడు వీడు.

వారం తిరక్కుండా అదే హాల్లో పంచాయితీ పెట్టారు. అందరి ముందు క్షమాపణ చెబితే ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానన్నాడు జనరల్. లేదంటే జైలు. మోకాలు ఈడ్చుకుంటూ వెర్నా కూడా వచ్చింది. జనరల్ దవడ వాచి గుమ్మడికాయలా ఉంది. పళ్ళ సందుల్లోంచే మాట్లాడుతున్నాడు.

"నాకు కోపం లేదు. ఒక్క మాట చెప్పమనండి చాలు. క్షమించడమూ నాయకుడి పనే."

షెరీఫ్ ఒచోవా రాస్కో భుజం తట్టాడు. "చెప్పెయ్‌రా. నోరు తెరిస్తే ఇంటికి, మూస్తే జైలుకి."

"జైలుకే పోతా."

"పోనీ ఎందుకు కొట్టావో అదన్నా చెప్పి చావు."

రాస్కో వెర్నా వైపు చూసి తల దించుకున్నాడు. "ఆవిడ ముందు చెప్పను."

సిగ్గుపడ్డాడనుకున్నారు అందరూ. వెర్నా మాత్రం లేచింది. చేతికర్ర ఎత్తి రాస్కో మొహం మీద బలంగా కొట్టింది. కనుబొమ్మ చిట్లి నెత్తురు కంట్లోకి కారింది. రెండో దెబ్బకు చెవి చీలింది. షెరీఫ్ అడ్డం రాబోతే రాస్కోనే బేడీల చేతులెత్తి ఆపాడు.

"కొట్టనీండి సార్. ఆ తల్లికి హక్కుంది."

"డేగిసా కింద దూరి బతికావు," రొప్పుతూ అంది వెర్నా. "ఆ మాటంటే నీకు రోషం. నా కొడుకు దూరలేదురా."

"దూరాను. అది నిజమే. దానికి నేనెందుకు కొడతానమ్మా?"

కర్ర గాలిలోనే ఆగింది.

"మరి దేనికి కొట్టావు?"

"వద్దమ్మా. నీకు మిగిలింది అదొక్కటే. దాన్ని ఉండనీ."

"నాకు మిగిలిందేంట్రా?"

రాస్కో మొహం పక్కకు తిప్పుకున్నాడు. నెత్తురు గడ్డం మీంచి జారి చెక్క నేల మీద చుక్కలు చుక్కలుగా పడుతోంది. జనరల్ కుర్చీ వెనక్కి జరిపి లేచాడు.

"ఇక చాలు. వాడికి తల సరిగా లేదు. కేసూ వద్దు, క్షమాపణా వద్దు. పంపించెయ్యి ఒచోవా. పద వెర్నా, నిన్ను ఇంటి దగ్గర దింపుతా."

ఆయన పట్టుకున్న చేతిని వెర్నా విదిలించుకుంది. కర్ర కొసను రాస్కో గొంతులో గుచ్చి గోడకు నొక్కింది. వాడి కళ్ళు ఎర్రబడి బయటికొచ్చాయి.

"నా కొడుకు వెనకాల నిలబడ్డ మనిషిరా ఆయన. వాడు ప్రాణమిచ్చి కాపాడిన మనిషి. ఏ మొహం పెట్టుకుని కొట్టావో చెప్పు. చెప్పకపోతే ఇక్కడే చంపుతాను. నాకు జైలంటే భయం లేదు."

షెరీఫ్ లాగబోయాడు. ఆమె వదల్లేదు. రాస్కో బలవంతాన ఊపిరి పీల్చి, ఆమె కళ్ళలోకి చూశాడు.

"ఆ పూట మొదటి ప్లేటు ఈయనకే, బంకర్లో వడ్డించానమ్మా."