మూడు దెబ్బలు

టంగ్. టంగ్. టంగ్.

వినుత రాయడం ఆపి తలెత్తింది.

"మళ్లీ మొదలుపెట్టినాడు," అంది విసుగ్గా.

ఆస్పత్రి వార్డులో పదకొండో మంచం మీద హనుమంతప్ప స్టీలు లోటాతో మంచం కమ్మీని మూడుసార్లు కొట్టి, ఏమీ ఎరగనట్టు పైకప్పుకేసి చూస్తున్నాడు. డెబ్బై ఆరేళ్ల మనిషి. గనిలో పీల్చిన రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయి, నాలుగు మాటలకే ఆయాసం వస్తుంది.

వినుత ఎమ్మెస్సీ నర్సింగ్ చివరి ఏడాది చదువుతోంది. నర్సులకు శిక్షణ ఇస్తే, కదల్లేని రోగులకు వీపున పుండ్లు పడకుండా ఆపవచ్చా అన్నది ఆమె పరిశోధన. ఆ వార్డు నర్సులకు వారం రోజులు పాఠం చెప్పింది. రోగిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. తిప్పినప్పుడల్లా చార్టులో టిక్కు పెట్టాలి. ఆరు వారాలు చూడాలి.

నాలుగు వారాలు గడిచాయి. వార్డులో కదల్లేని తొమ్మిది మందిలో ఒక్కరికీ పుండు పడలేదు. మాలూరు ఇటుక బట్టీలో పైనుంచి పడి వెన్ను విరిగిన కేశవకు కూడా. వచ్చే నెల బెంగళూరులో అతనికి ఆపరేషన్. వీపు శుభ్రంగా ఉంటేనే చేస్తామన్నారు.

అంతా బాగానే ఉంది, ఆ లోటా చప్పుడు తప్ప.

"ఎందుకట్ల కొడతావు తాతా? పక్కన రోగులుండారు."

"సుమ్నే, ఊరికే కొడతానా తల్లీ? గనిలోకి మనుషుల్ని దించే కేజి కాడ గంట కొట్టేవాణ్ని. మూడు కొడితే, లోపల మనుషులుండారు, మెల్లిగా కదిలించండని."

"ఇది గని కాదు తాతా."

"మనుషులైతే ఉండారు కదమ్మా."

వినుత నవ్వేసింది. సాయంత్రం డాక్టరుతో మాట్లాడి, ముసలాయన్ని వరండా చివరి గదికి మార్పించింది.

వార్డు నిశ్శబ్దమైంది.

మూడో రోజు హనుమంతప్ప సంచీ సర్దుకుని మంచం అంచున కూర్చున్నాడు.

"యాడికి?" అంది వినుత.

"ఇంటికి. ఈడ నాకింగ పని లేదు. ఇంటికాడ ఉండాది."

"ఈ వయసులో ఏం పని తాతా?"

"చిన్న పనేలేమ్మా. కానీ టైముకు చేయాల."

డాక్టరు వద్దన్నా వినలేదు. లోటా సంచీలో వేసుకుని వెళ్లిపోయాడు.

అతను వెళ్లిన ఆరో రోజు, కేశవ నడుము కింద ఎర్రటి మచ్చ కనిపించింది. ఎనిమిదో రోజుకు చర్మం చిట్లింది. మరో ఇద్దరి వీపుల మీదా మచ్చలు తేలాయి.

బెంగళూరు వాళ్లు ఆపరేషన్ వాయిదా వేశారు.

వినుత చార్టులు ముందేసుకుంది. ఒక్క గడీ ఖాళీ లేదు. ఒక్కో డ్యూటీ టిక్కులన్నీ ఒకే సిరా, ఒకే వాలు.

"గంగా సిస్టర్, నిజం చెప్పండి. ఈ టిక్కులు ఎప్పుడు పెడతారు?"

గంగ తల వంచుకుంది. "డ్యూటీ దిగే ముందర మేడం. అన్నీ ఒకేసారి."

"మొదటి నాలుగు వారాలూ?"

"అప్పుడూ అంతే."

"అయితే ఎవరినీ తిప్పనే లేదా?"

"తిప్పినాము మేడం, ఒట్టు. కానీ చార్టు చూసి కాదు. ముప్పై ఐదు మంది రోగులకు ఇద్దరం. గడియారం చూసే తీరిక యాడుండాది? రెండు గంటలకోసారి తాత మూడు కొడితే పరిగెత్తేవాళ్లం. పోకుంటే మళ్లీ కొడతాడు. రాత్రి డ్యూటీ వాళ్లకూ అదే."

వినుత చార్టులు మూసేసింది.

"మీరు చెప్పిన పాఠం మంచిదే మేడం," అంది గంగ మెల్లిగా. "అది మాకు గుర్తు చేసే మనిషినే మీరు గది మార్పించినారు."

నాలుగు వారాల ఫలితంతో పరిశోధన ముగించేయొచ్చు. ఎవరూ అడగరు. ఆ ఆలోచన వచ్చినందుకే వినుతకు సిగ్గేసింది.

మర్నాడు పొద్దున్నే కేసు షీటులో అడ్రసు చూసుకుని, ఆటో ఎక్కి తాత ఉండే కోరమండల్ వెళ్లింది. కాళ్లు పట్టుకునైనా ముసలాయన్ని వెనక్కి తీసుకురావాలనుకుంది.

గని కార్మికుల పాత లైను ఇళ్లు. ఐదో ఇంటి గడపలో ఒకామె రాగులు చెరుగుతోంది.

"హనుమంతప్ప తాత ఉండాడా అమ్మా?"

ఆమె చేట కింద పెట్టింది.

"పోయినాడమ్మా. నాలుగు రోజులాయె. ఆయాసం ఎక్కువై, కూర్చున్నోడు కూర్చున్నట్టే పోయినాడు. నేను పక్కింటి నేత్రావతిని."

వినుత లోపలికి తొంగి చూసింది. "ఇంట్లో ఇంకెవరూ లేరా?"

"ఆయప్ప పెండ్లాం సొన్నమ్మ ఉండాది. పక్షవాతం. తొమ్మిదేండ్లాయె మంచం పట్టి. మాట కూడా రాదు. ఆయప్ప ఆస్పత్రిలో ఉన్నప్పుడూ నేనే చూసినాను, ఇప్పుడూ నేనే. రామ్మా లోపలికి, టైమాయె."

చిన్న గది. ఇనప మంచం. కిటికీలో అదే లోటా.

నేత్రావతి లోటా తీసుకుని మంచం కమ్మీ మీద కొట్టింది. టంగ్. టంగ్. టంగ్.

సొన్నమ్మ కళ్లు తెరిచింది.

"తిప్పే ముందర ఇట్ల కొట్టల్లంట," అంది నేత్రావతి. "మాట లేకపోయినా లోపల మనిషుండాది, మరిచిపోవద్దు అంటా ఉండె ఆయప్ప."

వినుత ముందుకు వెళ్లి, ముసలామె భుజం కింద చెయ్యి పెట్టి మెల్లిగా పక్కకు తిప్పింది. అలవాటుగా చీర జరిపి వీపు చూసింది.

తొమ్మిదేళ్లుగా మంచానికే అంటిపెట్టుకున్న ఆ వీపు మీద చిన్న మచ్చ కూడా లేదు.