నూట నలభై ఏడో ప్రశ్న

"సార్, నూట నలభై ఏడుకు మీ కీ తప్పుంది," అంటూ నవత లేచి నిలబడింది.

అశోక్ నగర్‌లోని ఆ కోచింగ్ సెంటర్ హాల్లో మూడు వందల తలలు ఆమె వైపు తిరిగాయి. గ్రూప్-టూ మోడల్ టెస్ట్ జవాబులన్నీ బోర్డు మీద రాసి, అప్పుడే చేతులు దులుపుకుంటున్నారు సూర్యనారాయణమూర్తి గారు. పదిహేనేళ్లుగా కరెంట్ అఫైర్స్ చెబుతున్నారాయన. ఈ మాట ఆయనతో ఇంతవరకు ఎవరూ అనలేదు.

ప్రశ్న ఏంటంటే, 2013 అంతర్జాతీయ రాకెట్‌బాల్ పోటీల్లో పురుషుల సింగిల్స్ విజేత ఎవరు? సార్ రాసింది బి, మెక్సికో ఆటగాడు. నవత పెట్టింది సి, వి. రాఘవేంద్ర, భారత్. హాల్లో సగం మందికి అసలు ఆ ఆటే తెలియదు. నాలుగు గోడల గదిలో రబ్బరు బంతిని రాకెట్‌తో గోడకేసి బాదే ఆట అని సారే వివరించాల్సి వచ్చింది. అందులో మనవాడు గెలవడమేందని వెనక బెంచీలు నవ్వాయి.

నవతకు మాత్రం నవ్వు రాలేదు. మొదటి యాభై మందికే స్పెషల్ బ్యాచ్. సార్ అప్పటికే చదివి వినిపించిన ర్యాంకుల్లో ఆమెది యాభై ఒకటో స్థానం.

క్లాసులో అందరూ బట్టీపట్టే ఇయర్‌బుక్ చూసే కీ తయారు చేశానన్నారు సార్. తను పేపర్లో చదివానంది నవత.

"సరేనమ్మా. సాయంత్రం ఐదింటికి లిస్టు అంటిస్తాను. ఈలోగా రుజువు తెస్తే కీ మారుస్తాను. తేలేకపోతే మాత్రం, పరీక్ష అయ్యేదాకా నా క్లాసులో నువ్వు నోరు విప్పకూడదు."

అది నవత వల్ల అయ్యే పని కాదు. అయినా సరేనంది.

స్నేహితురాలు సంజనను వెంటేసుకుని చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి నడిచింది. ఇద్దరూ నేల మీద కూర్చుని తుమ్ముకుంటూ పాత పేపర్ల కట్టలు తిరగేశారు. గంటన్నరకు స్పోర్ట్స్ పేజీ అడుగున నాలుగు లైన్ల వార్త దొరికింది. నవత ఆత్రంగా చదివింది. రాఘవేంద్ర ఫైనల్‌కు చేరాడు అని ఉంది. గెలిచాడని లేదు. మర్నాటి పేపరంతా క్రికెట్టే. ఆ పై రోజు పేపరూ అంతే.

"ఫైనల్‌కు పోయిండంటే గెలిచిండని నువ్వే అనుకున్నవేమోనే," అంది సంజన మెల్లగా.

నవతకూ అనుమానమొచ్చింది. అనుకునే ఉంటుంది. అయినా లేచి చీర దులుపుకుంది. ఆడేవాడికి రాకెట్ ఉంటుంది, రాకెట్ అన్నాక తీగలు తెగుతాయి, తీగలు బిగించేవాడికి తెలియకుండా పోతుందా అని ఆమె ఆలోచన. సంజన తమ్ముడి బ్యాడ్మింటన్ రాకెట్ బాగుచేసే బుగ్గయ్య నారాయణగూడలోనే ఉన్నాడు. ఆటో ఎక్కారు.

మెట్ల కింద బీరువా అంత కొట్టు. బుగ్గయ్య తీగ గుంజుతూనే తలెత్తాడు.

"రాఘవేంద్ర బాబా? గెలిచిండమ్మా. ఆ రాకెట్ తీగలు బిగించింది నేనే. గెలిచొచ్చి విమానం దిగంగనే కోవా డబ్బా తెచ్చిచ్చిండు."

రుజువేమన్నా ఉందా అని నవత అడిగింది. కోవా అయిపోయిందన్నాడు బుగ్గయ్య. కావాలంటే ఆయన్నే అడుగుమని, అశోక్ నగర్‌లో ఫలానా హాస్టల్ అని గుర్తులు చెప్పాడు. తమ కోచింగ్ సెంటర్‌కు రెండు గల్లీల అవతలే. అప్పటికి నాలుగున్నర.

అది మగపిల్లల హాస్టల్. పైకి పోనివ్వనన్నాడు వాచ్‌మన్. కింద నుంచే కేకేశాడు. మోచేతుల దాకా సబ్బు నురగతో, లుంగీ సర్దుకుంటూ ఒకతను మెట్లు దిగి వచ్చాడు. నవత, సంజన ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తమ బ్యాచ్‌లోనే, కిటికీ పక్కన కూర్చునే బుచ్చిబాబు. అందరూ పిలిచేది ఆ ముద్దుపేరే. టెస్ట్ పేపర్ల మీద నంబర్లే తప్ప పేర్లుండవు కాబట్టి అసలు పేరు ఎవరికీ తెలియదు.

"ఆ పోటీ గెలిచింది మీరేనా?" అని నవత అడిగింది.

దొంగతనం బయటపడ్డట్టు బుచ్చిబాబు మొహం ఎర్రబడింది. "అవునండి, నేనేనండి," అన్నాడు. చెప్పుకుంటే బాగుండదని చెప్పుకోలేదట. ఆట ఎంత ఆడినా ఉద్యోగం కావాలి కదాని ఇక్కడ చేరాడట. పైకి వెళ్లి, చేతిరుమాల్లో చుట్టిన పతకం, సర్టిఫికెట్ తెచ్చాడు. ముగ్గురూ పరుగెత్తారు.

ఐదుకు మూడు నిమిషాలుండగా హాల్లోకి వచ్చి పడ్డారు. సార్ సర్టిఫికెట్‌ను రెండుసార్లు చదివారు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చదివారు. తర్వాత బోర్డు దగ్గరికి వెళ్లి, బి తుడిచేసి, సి అని జానెడు అక్షరం రాశారు. హాలు హాలంతా లేచి నిలబడింది. వెనక బెంచీల వాళ్లే బుచ్చిబాబును భుజాల మీదికి ఎత్తుకున్నారు. ఎవరో కింద టీ కొట్టుకు కబురు పెట్టారు. బి పెట్టిన వాళ్లందరికీ తలా ఒక మార్కు పోయింది. నవత ముప్పై తొమ్మిదో స్థానానికి ఎగబాకింది. సంజన ఆమెను పట్టుకుని గిరగిరా తిప్పేసింది.

సార్ ముచ్చట ఇంకా తీరలేదు. ఛాంపియన్ తన పేరుకు తనే టిక్కు పెట్టుకున్న పేపరు పిల్లలందరూ చూడాలని, నంబరు అడిగి మరీ కట్టలోంచి దాన్ని తీశారు. పైకెత్తబోయి ఆగిపోయారు.

"బి పెట్టావేంటయ్యా?"

భుజాల మీంచే బుచ్చిబాబు చేతులు జోడించాడు. "గెలిచింది నేనేనండి. మార్కులు వేసేది మాత్రం మీ కీ కదండీ."