అతిథి కంచం

తలుపు మీద ఎవరో దబదబా బాదారు.

జెనోన్ చేతిలో చెంచా ఆగిపోయింది. క్రిస్మస్ ముందు సాయంత్రం, బెస్కిద్ కొండల్లో వాగు పక్కనున్న ఈ ఇంటికి, ఇంత వానలో ఎవరొస్తారు?

మోకాలి లోతు మంచు మీద పొద్దున్నుంచీ ఒకటే వాన. చలి ఎటు పోయిందో పోయింది, గాలి గోరువెచ్చగా వీస్తోంది. ఇంటి వెనక వాగు మాత్రం నోరు మూసుకుంది.

"అతిథి వచ్చాడు!" అని చప్పట్లు కొట్టింది జెనోన్ చిన్నారి కూతురు హాల్ష్కా.

పండగ రాత్రి అనుకోకుండా వచ్చే అతిథి కోసం బల్ల మీద ఖాళీ కంచం ఏటా పెడతారు. ఏటా అలాగే కడిగి బోర్లిస్తారు.

జెనోన్ భార్య లుద్వికా వెళ్ళి తలుపు తీసింది. వడ్డించే ఇల్లాలు తప్ప, పన్నెండు వంటకాలూ అయ్యేదాకా ఆ బల్ల దగ్గర్నుంచి ఎవరూ లేవకూడదు. లేచినవాళ్ళు మళ్ళీ క్రిస్మస్ చూడరని ఆ లోయలో పసిపిల్లలకి కూడా తెలుసు.

గుమ్మంలో ఒక ముసలాయన. ఒంటి మీంచి నీళ్ళు కారుతున్నాయి. చేతిలో లాంతరు.

"రా తాతా, కూర్చో. బీట్‌రూట్ చారు వేడిగా ఉంది."

ముసలాయన ఆ ఖాళీ కంచం వంక చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు.

"నేను కూర్చోనమ్మా. మీరే లేవండి. అందరూ పైన ప్రార్థన మందిరం దగ్గరికి పదండి."

జెనోన్ పకపకా నవ్వాడు. "ఇప్పటికి చారే అయింది పెద్దాయనా. ఇంకా పదకొండున్నాయి. అవీ కానీ, వస్తాం."

"వాగు చప్పుడు వినబడుతోందా?"

"లేదు. బుద్ధిగా పడుకుంది."

"మధ్యాహ్నం దాకా హోరెత్తింది కదా. వాన తగ్గకుండా వాగెందుకు తగ్గింది బాబూ? పైన మంచు వాననీళ్ళు తాగి తాగి జావైపోయింది. జారి వాగుకి అడ్డం పడింది. నీళ్ళన్నీ దాని వెనక నిలబడి ఉన్నాయి."

లుద్వికా చెవి ఒగ్గి వింది. నిజమే, వాగు మరీ ఇంత మౌనంగా ఉండటం ఆమె ఎప్పుడూ ఎరగదు.

"ఏమండీ, పోనీ పాపనన్నా..."

"నువ్వూరుకోవే! తాతల నాటి నుంచీ ఈ ఇంటి గడప తడిసింది లేదు. నా పసితనంలో ఒక క్రిస్మస్ రాత్రి కొట్టుకుపోయింది కింద పిండిమర ఒక్కటే. అదీ ఆ మరవాడి పుణ్యమే. పెళ్ళాం పిల్లలు నీళ్ళల్లో పోతుంటే వాడు ఎవరింట్లోనో విందు మెక్కుతున్నాడట!"

క్రిస్మస్ వస్తే చాలు, లోయంతా ఆ మరవాణ్ణి తలుచుకుని ఛీ కొడుతుంది.

ముసలాయన లాంతరు కిందికి దించాడు.

చూపు ఆనని అత్తగారు అపొలోనియా ఆ గొంతు వచ్చిన వైపు తల తిప్పింది.

"ఎవరది?" అంది.

గుమ్మం ఖాళీగా ఉంది.

"పండగపూట పెట్టిన కంచాన్ని కాదని పోయాడు. ఎంత పొగరు!" అన్నాడు జెనోన్.

లుద్వికా చేప వడ్డిస్తుంటే గంటలు వినబడ్డాయి. ఆవుల మెడ గంటలు. కొండ పైకి వెళ్తున్నాయి.

ఆ రెండు ఆవులే ఆ ఇంటికి బతుకుతెరువు.

"దొంగ వెధవ! మన ఆవుల్ని తోలుకుపోతున్నాడు!"

మరుక్షణం బల్ల దగ్గర ఎవరూ లేరు. వచ్చే క్రిస్మస్ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. జెనోన్ దుడ్డుకర్ర అందుకుని పరిగెత్తాడు. లుద్వికా పాపని చంకనేసుకుంది.

"నన్నూ తీసుకెళ్ళు. ఆ గొంతు నేనెరుగుదును" అంది అత్తగారు, ఆమె గౌను పట్టుకుని.

ప్రార్థన మందిరం ముందు జెనోన్ దొంగని అందుకున్నాడు. కర్ర ముసలాయన తల మీద పడింది. ఆయన గోడకి జారగిలబడ్డాడు గానీ పలుపుతాళ్ళు వదల్లేదు.

"పాప వచ్చిందా?" అన్నాడు.

జెనోన్‌కి అర్థం కాలేదు.

"పాప... ముసలమ్మ... అందరూ వచ్చారా?"

"వచ్చాం" అంది లుద్వికా.

అప్పుడు ఆయన తాళ్ళు వదిలేశాడు.

పైన కొండలో ఎక్కడో ఉరిమినట్టయింది. ఆ ఉరుము ఆగకుండా కిందికి దిగి వచ్చింది. వాళ్ళ ఇంటి కిటికీలో దీపం ఇంకా వెలుగుతోంది. చూస్తుండగా ఆ దీపం మెల్లగా పక్కకి కదిలింది. కొంత దూరం వెళ్ళి ఆరిపోయింది.

ఎవరూ ఏడవలేదు. ఆవుల గంటలు మాత్రం మోగుతున్నాయి.

జెనోన్ కర్ర పారేసి, ముసలాయన ముందు కూలబడి భుజాలు పట్టి కుదిపాడు. ఆయన తల ఒక పక్కకి వాలిపోయింది.

"అయ్యో దేవుడా, నా చేతులతో నేనే... ఎవరమ్మా ఈయన?"

అపొలోనియా కిందికి వంగి ఆ మొహాన్ని వేళ్ళతో తడిమింది. నుదురు, ముక్కు, తడిసిన గడ్డం.

"కాస్పర్. పిండిమర కాస్పర్."

"ఆ మరవాడా? మరి మనింట్లో కూర్చోమంటే ఎందుకు కూర్చోలేదు?"

"ఒకసారి కూర్చున్నాడురా. అప్పుడు నువ్వు ఉయ్యాల్లో ఉన్నావు. ఇలాంటి వానలోనే, వాగు మూగపోయిందని మనకి చెప్పడానికి పరిగెత్తుకొచ్చాడు. ఇంటికెళ్ళాలి, పిల్లలున్నారు అని మొత్తుకుంటున్నా వినకుండా, వచ్చిన అతిథి లేచిపోతే అరిష్టమని మీ నాన్న చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు, నేను పన్నెండూ వడ్డించాను. ఆ రాత్రి ఎవరింట్లో తిన్నాడో చచ్చేదాకా కాస్పరూ చెప్పలేదు, మేమూ చెప్పలేదు."