పగలని జాడీ

“ఈసారి మూత్రంలో ప్రోటీన్ పడింది గుండయ్య గారూ,” అంది డాక్టర్ సూర్యప్రభ, కాగితం మీంచి కళ్లెత్తకుండా.

గుండయ్య ఒళ్లో ఆస్పత్రివాళ్లు తిరిగిచ్చిన ఖాళీ పింగాణీ జాడీ ఉంది. దాన్ని రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాడు.

“అంటే ఏంది మేడం?”

“కిడ్నీ జల్లెడ లాంటిది. ప్రోటీన్‌ను ఆపాలి. ఇక్కడ ఆపడం లేదు. చక్కెర జబ్బు ఉన్నవాళ్లలో ఈ మార్పు ఎప్పుడు మొదలవుతుందో చూడటమే మా పరిశోధన. మూడు నెలల కింద మీకు చుక్క లేదు. ఇప్పుడు చాలా ఉంది. చక్కెర కూడా బాగా పడింది.”

“గింత జల్దీనా?”

“అదే నాకూ అర్థం కావడం లేదు. సోమవారం వచ్చి చేరండి. సన్నటి సూదితో కిడ్నీలోంచి చిన్న ముక్క తీసి చూడాలి.”

ముక్కలు చూడటం గుండయ్యకు కొత్త కాదు. సర్కారు ప్రయోగశాలలో పదిహేడేళ్లుగా ఆయన పనే అది. పింగాణీ కడ్డీని యంత్రంలో పెట్టడం, విరిగేదాకా బరువు పెంచడం, ఎంతకు విరిగిందో రాయడం. ఒక్కో బట్టీ సరుకులోంచి ముప్పై కడ్డీలు. విరిగిన ముక్కను చూసి పగులు ఎక్కడ మొదలైందో చెప్పేవాడు. ఆ సంగతి పదిమందికీ చెప్పుకునేవాడు కూడా.

డెబ్బై ఆరులో ఈ పరిశోధన మొదలైనప్పుడు తక్కిన రోగులు సీసాలు, డబ్బాలు తెచ్చారు. గుండయ్య మాత్రం దుకాణంలో ఇరవై జాడీలను వేలి కణుపుతో కొట్టి, మోత విని, ఒకటి ఏరుకున్నాడు. అడుగున మేకుతో తన పేరు గీశాడు. “బస్సు మీంచి పడ్డా ఇది పగలది,” అని భార్య చంద్రమ్మకు చెప్పాడు. ఒకసారి కాదు, ఊరికి వినబడేలా చాలాసార్లు చెప్పాడు.

మూడు నెలలకోసారి ఒక రోజంతటి మూత్రం అందులో పట్టాలి. మర్నాడు ఆయన పనికి పోతే, చంద్రమ్మ కార్వాన్‌లోని ఇంటి నుంచి బస్సులో జాడీని ఆస్పత్రికి చేర్చేది. రెండేళ్లుగా ఇదే పద్ధతి.

గుండయ్య ఇల్లు చేరేసరికి చంద్రమ్మ కాళ్లు చాపుకుని, గుడిమల్కాపూర్ నుంచి తెచ్చిన పూలు కడుతోంది. ఆమె కడియాలు గూట్లో ఉన్నాయి. కాళ్లు ఉబ్బి పట్టడం లేదని తీసేసింది. పొద్దంతా ఒక్కచోట కూర్చుంటే ఎవరికైనా ఉబ్బుతాయని గుండయ్యే చెప్పాడు.

“ఏమన్నది డాక్టరమ్మ?”

“సోమవారం దవాఖానల చేరాలె. కిడ్నీ ఖరాబైందట.”

చంద్రమ్మ చేతిలో దారం ఆగింది. “నీకా?”

“నాకు గాక ఇంకెవరికి? ప్రోటీన్ పడ్డదట. చక్కెర గూడ మస్తుగ పడ్డదట.”

ఆమె చెంబెత్తి నీళ్లు గటగటా తాగింది.

“పొద్దుగాల నింపిన కుండ అప్పుడే ఖాళీ చేసినవా? నల్లా నీ ఒక్కదానికే సాలేటట్టు లేదు,” అన్నాడు గుండయ్య. నవ్వుదామనుకున్నాడు గానీ నవ్వు రాలేదు. నిజంగానే భయం వేసింది. “ముప్పై కడ్డీలల్ల ఒక్కటి తక్కువ బరువుకు విరిగినా గా సరుకును నమ్మొద్దంటం మేము. నాకు ఉన్నయే రెండు కిడ్నీలు.”

ఊరికే కూర్చోలేక జాడీని కడగబోయాడు. అలవాటుగా వేలి కణుపుతో కొట్టాడు. మోత మొద్దుగా వచ్చింది. మళ్లీ కొట్టాడు. తిరగేసి చూశాడు. అడుగున పేరు లేదు.

“ఇది నా జాడీ కాదు.”

చంద్రమ్మ తల దించుకుంది.

“నిన్నే అడిగేది. నాదేమైంది?”

“పగిలింది. పురానాపూల్ కాడ బస్సు దిగంగ కాళ్లు తిమ్మిరెక్కి పడబోయిన. చెయ్యి జారింది.”

“పగిలిందా? ఎట్ల పగుల్తది?”

“గందుకే చెప్పలే. నువ్వు పగలదంటివి. పగిలిందంటె వారం దినాలు లొల్లి చేస్తవు. గసొంటిదే ఇంకోటి కొన్న. మూడో రోజు తీస్కపోయి ఇచ్చిన.”

గుండయ్య ఒక్కసారిగా లేచి నిలబడ్డాడు.

“అంటె నాది రోడ్డు మీదనే పోయింది! డాక్టరమ్మ చూసింది నాది కాదు! నాకేం కాలె!”

పక్కింటి అరుగు మీద వాళ్లు తొంగి చూసేంత గట్టిగా నవ్వాడు. జాడీ పగిలిందన్న బాధ కూడా లేదు. వచ్చి భార్య పక్కన పూల మధ్యే కూర్చున్నాడు.

“ఫికర్‌తోని సంపితివి గదనే! ఇగ సోమవారం లేదు, సూది లేదు. అవునుగని, గా కొత్త జాడీల ఎవరిది పట్టినవు?”

“నాది,” అంది చంద్రమ్మ.