గోడకి చెప్పిన మాటలు

కుట్టుమిషను బాబిన్ల డబ్బా బోర్లించగానే దారాల మధ్య నుంచి ఎర్రటి ఐరన్ మాత్రలు జలజలా రాలాయి.

“మాత్రలు మింగే వాళ్ళని చూశాను గానీ, బాబిన్లకి మింగించే వాళ్ళని ఇప్పుడే చూస్తున్నా!” అంది మందుల షాపులో పనిచేసే ఆవిడ, గోడవైపు తిరిగి.

ఆ ఇంట్లో అత్తాకోడళ్ళ మాటలన్నీ గోడకే. పెళ్ళినాడు మొదలైన రగడ ఇంకా చల్లారలేదు. ఒకరినొకరు పిలుచుకోరు, మొహాలు చూసుకోరు. ఆ గోడకే కాళ్ళుంటే ఎప్పుడో ఇల్లు ఖాళీ చేసి పోయేది.

“తుప్పు నాకినట్టుంటుంది. వాంతొస్తుంది. కడుపు నాది, నా ఇష్టం!” కుట్టుమిషను ముందు కూర్చున్న గర్భిణి కూడా గోడకే చెప్పింది.

“డాక్టరమ్మ ఏమందో గోడక్కూడా తెలుసు. రక్తం మరీ తక్కువ. కాన్పులో ఇంకాస్త పోయిందంటే తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కరు.”

“పోతే కొందరికి పీడా విరగడవుతుంది.”

“ఒంట్లో రక్తం లేదు గానీ నోట్లో విషానికేం లోటు లేదు!”

మందులావిడ మిషను పక్కనున్న టీ కప్పు లాక్కుని సింకులో కుమ్మరించింది. టీ తాగితే మాత్ర ఒంటబట్టదు. దాని బదులు నిమ్మరసం గ్లాసు ఠక్కున పెట్టింది.

“ఈ జైల్లో ఉండను. పుట్టింటికి పోతాను!”

“మాత్ర మింగాక ఎక్కడికైనా పోవచ్చు.”

ఆ ఇంటి మగాళ్ళు, తండ్రీకొడుకులిద్దరూ ఒకే పేపరు చాటున తలలు దాచుకున్నారు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

గర్భిణి విసురుగా లేచింది. లేవగానే కళ్ళు బైర్లు కమ్మాయి. పెదవులు తెల్లగా పాలిపోయాయి. మిషను పట్టుకోబోయి అందక ముందుకు తూలింది.

కత్తెర కిందపడింది. ఆమె మాత్రం పడలేదు. మందులావిడ ఒక్క ఉరుకున వచ్చి రెండు చేతులా పొదివి పట్టుకుంది. ఎంత భయపడిందంటే తిట్టడం కూడా మర్చిపోయింది.

మెల్లగా కుర్చీలో కూర్చోబెట్టి, ఆమె తేరుకున్నాక మాత్ర పెదవుల దగ్గర పెట్టింది. గర్భిణి మొహం తిప్పుకుంది.

మందులావిడ మొదటిసారి గోడని వదిలేసి ఆమె కళ్ళలోకి చూసింది.

“నాతో పోట్లాడ్డానికి మీరొక్కరే చాలరు, ఆ మరిదో ఆడబిడ్డో కూడా క్షేమంగా రావాలి... నోరు తెరవండి అత్తయ్యా!”